సిద్ శ్రీరామ్ ఆల్బంలో పల్లవి ఎక్కడ?

గాయకుడు సిద్ శ్రీరామ్ 2023 ఆగస్టులో విడుదల చేసిన ‘సిధార్థ్’ అనే ఇంగ్లీషు ఆల్బంను మెచ్చుకుంటూ వచ్చిన రాతల్లో పాటల కంటే పాటగాడి కథే ఎక్కువ. చెన్నైలో పుట్టి, పసితనంలోనే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ చేరి, ఇంట్లో తల్లి దగ్గర కర్ణాటక సంగీతం, బయట ఆర్ అండ్ బీ వింటూ పెరిగిన కుర్రాడు రెండు ప్రపంచాలనూ ఒకే గొంతులో కలిపాడన్నది ఆ కథ. అందులో అబద్ధం లేదు. ఎన్‌పీఆర్ టైనీ డెస్క్ కచేరీ, 2024లో కోచెల్లా వేదిక దక్కడం దక్షిణాది గాయకుడికి చిన్న విషయమూ కాదు. అయినా ఆల్బం మొదటి నుంచి చివరిదాకా విన్నాక పెదవి మీద నిలిచే పల్లవి ఒక్కటీ దొరకలేదు. ఈ గొంతును ఇష్టపడ్డాను కనుకే నా నిరాశ పెద్దది.

ఇంగ్లీషులో పాడాడని అలిగి అంటున్న మాట కాదిది. తెలుగులో అతని ఉచ్చారణ మీద ఫిర్యాదులు మొదటి నుంచీ ఉన్నాయి, వాటిలో చాలావరకు న్యాయమైనవే. ఐనా ‘గీత గోవిందం’ సినిమా పాటనూ, ‘సామజవరగమన’నూ, ‘శ్రీవల్లి’నీ కృష్ణా డెల్టాలో పెళ్లి పందిళ్లు, ఆటోలు సొంతం చేసుకున్నాయి. గోపీ సుందర్, తమన్, దేవిశ్రీ ప్రసాద్ బాణీ పట్టు ఇచ్చారు. అనంత శ్రీరామ్, సిరివెన్నెల, చంద్రబోస్ మాట ఇచ్చారు. తనది కాని భాషలో తడబడుతూ పాడినా ఆ మాటలు మనకు అందాయి. ‘సిధార్థ్’లో వినిపించే ఇంగ్లీషు అతను పెరిగిన భాష, యాస సమస్యే లేదు. అక్కడ మాట మరింత దగ్గరగా రావాలి. రాలేదు. గొంతు మీద గొంతు పేర్చి, యంత్రం గుండా నడిపించి, ధ్వనిని చిక్కగా చేశారు. ఆల్బంలో ‘డియర్ సహాన’ అన్న పాట పేరు చూడగానే చెవులు నిక్కుతాయి. వంకర సంచారాలతో, తొందర లేకుండా సాగే సహాన రాగానికి ఊపిరి తీసుకునే జాగా కావాలి; త్యాగరాజు ‘గిరిపై నెలకొన్న’ ఒక్కసారి విన్నా అది తెలుస్తుంది. ఈ ఆల్బంలో కరువైంది ఆ జాగాయే.

నిర్మాత ర్యాన్ ఓల్సన్‌తో కలిసి చేసింది ప్రయోగమనీ, ప్రయోగంలో పల్లవి వెతకడం పాతకాలపు అలవాటనీ కొందరంటారు. ప్రయోగం మీద నాకు అభ్యంతరం లేదు. కానీ రెండు ప్రవాహాలు కలవాలంటే మధ్యలో దారి ఉండాలి. మా ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో గోదావరి నీళ్లు కృష్ణను కలుస్తున్నాయంటే పట్టిసీమలో మోటార్లు తోడిపోయబట్టి, పోలవరం కుడికాలువ దారి ఇవ్వబట్టి. రెండు సంగీతాల మధ్య అలాంటి కాలువ బాణీయే. అది లేనప్పుడు గమకం ఒక పక్క, ఎలక్ట్రానిక్ మోత ఒక పక్క ఉండిపోతాయి. పక్కపక్కన ఉన్నందుకే సంగమమని మెచ్చుకోవడం గాయకుడికి మేలు చేయదు.

సినిమా పాటతో పోలిక అన్యాయమన్నది ఇంకా గట్టి అభ్యంతరం. సినిమా పాటకు హీరో, సన్నివేశం, ప్రచారం తోడుంటాయి. ఒంటరి ఆల్బంకు అవేవీ ఉండవు. ఒప్పుకుంటాను. అయితే సినిమా అండ లేని పాట మనకు కొత్తదేమీ కాదు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి నుంచి బాలాంత్రపు రజనీకాంతరావు, బాలమురళీకృష్ణ వంటివారు లలితగీతాలనూ భక్తిరంజనినీ ఇంటింటికీ చేర్చారు. తెర లేదు, తార లేదు, ఖరీదైన ధ్వనీ లేదు. మాట, రాగం ఒకదాన్నొకటి పట్టుకుని ఉండబట్టే వంటింట్లో పని చేసుకుంటున్నవాళ్లు కూడా వాటిని నేర్చుకుని పాడుకున్నారు. సిద్‌కు రాగజ్ఞానం ఉంది, తారస్థాయిలోనూ చెదరని గొంతు ఉంది, ఏ దేశంలో వేదికెక్కినా వినేవాళ్లున్నారు. తర్వాతి ఆల్బం ఏ భాషలో చేసినా సరే, ఒక్క తంబురా శ్రుతి మీద పాడినా నిలబడే పాటలు నాలుగైనా ముందు సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే స్టూడియోకు వెళ్లాలని అడుగుతున్నాను.