ఉపాధ్యాయు నడుగని విద్యాసంస్కరణము

విద్యాసంస్కరణ మను మాట వినబడని సంవత్సరము మన రాష్ట్రమున లేదు. ఉత్తరువులు వచ్చుచున్నవి, పోవుచున్నవి. బడిలో నల్లబల్లయొద్ద నిలుచు ఉపాధ్యాయుని మాత్ర మెవ్వరును అడుగుట లేదు. ఇదియే మా ఫిర్యాదు.

పాకాల చుట్టుపట్లనే కాదు, ఏ పల్లెలోనైనను చిన్న ప్రాథమిక పాఠశాలను తలచి చూడుడు. తరగతులు ఐదు, పంతుళ్లు ఇద్దరు, ఒక్కొక్కచోట ఒక్కరే. 2009 నాటి విద్యాహక్కు చట్టమే అరువదిమంది వఱకు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులను విధించినది. పాఠ్యపుస్తకములు మాత్రము తరగతి కొక గురువు ఉన్నట్లే భావించి వ్రాయబడుచున్నవి. ఒక తరగతికి లెక్కలు చెప్పుచుండగా తక్కిన పిల్లలు ఏమి చేయవలెను? పంతులు గాని పంతులమ్మ గాని అనుదినము ఎదుర్కొను ప్రశ్న ఇదియే.

పైవారు కనుగొన్న సమాధానము వేఱు. 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులను దాపుననున్న ఉన్నత పాఠశాలలలో చేర్చవలయునని ఉత్తరువైనది. తరగతికొక గురువు దొరకవలెనన్న ఉద్దేశము మంచిదే; కాదనము. కాని అందువలన పెక్కు ఊరిబడులలో చిన్న తరగతులే మిగిలినవి. ఎనిమిదేండ్ల బిడ్డ దూరపు బాట పట్టవలసి వచ్చినది. 2025లో ఆ ఉత్తరువు రద్దయి, మఱియొక యేర్పాటు వచ్చినది. 2022లో ఒకటవ తరగతిలో చేరిన శిశువు ఐదవ తరగతి ముగియక మునుపే రెండు సంస్కరణములను చవిచూచినది!

పలు తరగతుల నొకచోట నడుపు విద్య మన సీమకు క్రొత్తది గాదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో దొర దేశీయ పాఠశాలల లెక్క తీయించెను. నేటి అనంతపురపు సీమలో పెక్కుభాగము నాడు బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 విద్యార్థులు గలరని కలెక్టరు కాంబెల్ 1823లో నివేదించెను. చదువులో ముందున్నవాడు వెనుకవానికి నేర్పుచు తన చదువును స్థిరపఱచుకొను పద్ధతిని మెచ్చుకొని, దానిని ఆంగ్లదేశము అనుసరించుట తగినదే యని వ్రాసెను.

ఆ మార్గము నేటికిని పనికివచ్చుననుటకు నిదర్శనము మన చేరువనే యున్నది. పాకాల కూడలిలో ధర్మవరపు బండి యెక్కి, పీలేరు, వాయల్పాడు దాటినచో మదనపల్లె రోడ్డు, కురబలకోట వచ్చును. ఆ ప్రాంతముననే జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాల గలదు. దాని గ్రామీణ విద్యాకేంద్రమువారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు నడపుచు, పాఠములను చిన్నచిన్న అట్టలుగా విభజించి, మెట్లుగా అమర్చిరి. ప్రతి శిశువును తన మెట్టునుండి తానే సాగును. కొందఱు గురువునొద్ద, కొందఱు తోడివారియొద్ద నేర్చుకొందురు. 2003లో చెన్నపురి కార్పొరేషను బడులు దీనినుండి స్ఫూర్తిని గైకొన్నవి. పిదప తమిళనాడంతటను వ్యాపించినది. బడిలో పుట్టి బడిలో పరీక్షింపబడినది గనుకనే అంతదూరము నడచినది.

మఱి మన ఉపాధ్యాయునకు పరీక్షించి చూచుటకు తీరిక యెక్కడిది? జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప విద్యేతర కార్యములకు ఉపాధ్యాయుని వినియోగింపరాదని చట్టము 27వ సెక్షను శాసించుచున్నది. అయినను మధ్యాహ్న భోజనపు లెక్కలు, హాజరు యాప్‌లు అతని నెత్తిననే పడినవి. కొంతకాలము మరుగుదొడ్ల ఛాయాచిత్రములు తీసి పంపు పనియు అతనిదే యైనది. సెల్‌ఫోనుకు సమాధానము చెప్పునంతసేపు శిశువునకు సమాధానము చెప్పువాడు లేడు.

మేము కోరునవి మూడే. ఏ మార్పునైనను ముందు కొన్ని బడులలో పరీక్షించి, అచ్చటి ఉపాధ్యాయుల మాట విన్న పిదపనే ఉత్తరువు చేయవలెను. చేసిన యేర్పాటును ఐదేండ్లయినను కదలింపరాదు. ఒక శిశువు ప్రాథమిక విద్యకు పట్టుకాలము అదియే. 27వ సెక్షనును అక్షరాల పాటింపవలెను.

ఇందు ప్రజల బాధ్యతయు గలదు. పాఠశాల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడు పాళ్లు తల్లిదండ్రులే యుండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ సంఘములు సంతకములకే పరిమితమైన చోట ఊరిబడికి దిక్కు లేదు. తల్లిదండ్రులు ఆ సమావేశములకు పోయి పంతులుతో, "మీకేమి కావలెనండీ?" అని అడుగుదురు గాక! ప్రభుత్వము అడుగని ప్రశ్నను ప్రజలే అడిగిననాడు సంస్కరణమునకు ఆరంభము.