ఆదోని అని చెప్పొచ్చా సార్?

ఎమ్మిగనూరులో ఒక చేనేత ఇల్లు ఊహించుకోండి. ముందుగదిలో మగ్గం. మగ్గం మీద తండ్రి. పక్కగదిలో గోడకు ఆనుకుని కూతురు. నర్సింగ్ చదివింది. బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలన్నది కోరిక. చేతిలో నాలుగు కాగితాలు పట్టుకుని, కళ్లు మూసుకుని, ఒకే పాఠం పదోసారి అప్పజెబుతోంది. పీవీ సింధు గురించి, ఇంగ్లిష్‌లో.

మగ్గం చప్పుడు ఆగింది.

"ఏమ్మా, నిన్న గూడా ఇదే సదివితివి గదా! ఇంగా రాలేదా?"

"వచ్చింది నాయనా. నడుమ ఒక్క ముక్క మర్సిపోతే మిగిలిందంతా మర్సిపోతాండా. మళ్లా మొదట్నుంచి ఎత్తుకోవల్ల."

తండ్రి ఏమీ అనలేదు. మగ్గం మళ్లీ మొదలైంది.

ఇలాంటి ఇళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నాయి. ఒకప్పుడు ఇంగ్లిష్ పరీక్ష అంటే కాగితం మీద రాసేదే. ఐఈఎల్‌టీఎస్ వచ్చాక నోరు విప్పి మాట్లాడటమూ పరీక్షే అయింది. విదేశాల్లో చదువుకు, ఉద్యోగానికి వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది దీన్ని దాటాల్సిందే. ఈ పరీక్ష దారిలో వచ్చే నర్సులను బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ మాట్లాడటంలో 7 బ్యాండ్ అడుగుతుంది. ఆరున్నర వచ్చిందా, మళ్లీ ఫీజు, మళ్లీ ప్రయాణం, మళ్లీ ఎదురుచూపు. మగ్గం మీద బతికే ఇంటికి ఆ అర బ్యాండ్ చిన్న తేడా కాదు.

మాట్లాడే పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా పరీక్షకులు ఒక్కరే ఉంటారు. సంభాషణ రికార్డవుతుంది. మొదటి భాగంలో ఊరు, చదువు, అలవాట్ల గురించి చిన్న చిన్న ప్రశ్నలు. రెండో భాగంలో ఒక కార్డు చేతికిస్తారు. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిల్. ఆ తర్వాత ఒకటి నుంచి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. మూడో భాగంలో అదే విషయం మీద లోతైన ప్రశ్నలు. కార్డులు రకరకాలు. ఎవరికి ఏది వస్తుందో ముందే తెలియదు. వాటిలో తరచూ వినిపించేది ఒకటుంది: మీరు అభిమానించే క్రీడాకారుల గురించి చెప్పండి. ఎవరు, మీకెలా తెలుసు, ఏం సాధించారు, ఎందుకు అభిమానిస్తారు?

వినడానికి ఎంత తేలిక! టీ కొట్టు దగ్గర ఈ ప్రశ్న వేస్తే గంటసేపు ఆపకుండా మాట్లాడతారు మనవాళ్లు. అదే ప్రశ్న ఇంగ్లిష్‌లో, గది తలుపు మూసి, గడియారం పెట్టి అడిగితే గొంతు తడారిపోతుంది. అందుకే చాలామంది ఎంచుకునే దారి బట్టీ. ఎవరో రాసిన జవాబు, అందులో ఎవరూ మాట్లాడని పెద్ద పెద్ద మాటలు.

ఎమ్మిగనూరు అమ్మాయీ అదే చేసింది. ఒక ఆదివారం బస్సెక్కి ఆదోని వెళ్లింది. అక్కడ రిటైరైన ఇంగ్లిష్ మాస్టారు ఒకాయన తెలిసినవాళ్ల పిల్లలకు ఊరికే చెబుతుంటారు అనుకోండి. ఆయన ముందు కూర్చుని గడగడా ఒప్పజెప్పేసింది. రియోలో 2016లో రజతం, బాసెల్‌లో 2019లో ప్రపంచ టైటిల్, టోక్యోలో 2021లో కాంస్యం. ఒక్క తేదీ తప్పు పోలేదు.

మాస్టారు అంతా విని ఒక్కటే అడిగారు.

"బాగుందమ్మా. సింధు ఆడుతుంటే ఎప్పుడైనా చూసినావా?"

"లేదు సార్."

"ఏ చేత్తో ఆడుతుంది?"

అమ్మాయి నోరు తెరిచింది. మాట రాలేదు. కాగితంలో ఆ ముక్క లేదు మరి!

సింధు గొప్పతనానికి ఇందులో లోటేమీ లేదు. ఆమె ఆట చూస్తూ పెరిగిన పిల్లలు ఆమె గురించి చెప్పడం కన్నా మేలైన పని ఉండదు. చిక్కంతా చూడని ఆటను, తెలియని మనిషిని, తనవి కాని మాటల్లో చెప్పబోవడంలోనే. బట్టీ పాఠాన్ని పట్టడానికి పరీక్షకులకు ఎక్కువసేపు పట్టదు. అప్పటిదాకా తడుముకుంటూ మాట్లాడిన మనిషి కార్డు అందుకోగానే వార్తలు చదివినట్టు చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది. బట్టీ అనిపిస్తే ఆ మాటలు అభ్యర్థి భాషకు కొలత కావు. పైగా మూడో భాగంలో "పిల్లల ఆటల మీద ప్రభుత్వం ఇంకా ఖర్చు పెట్టాలంటారా?" అని అడిగితే ఏ కాగితమూ ఆదుకోదు.

మాస్టారు మళ్లీ అడిగారు. "పోనీ, ఈ ఊరమ్మాయే ఇండియాకు ఆడింది కదా! ఆమె గురించి తెలుసా?"

"అంజలి శర్వాణి. తెల్సు సార్. టీవీలో చూసినా. ఎడం చేత్తో ఏస్తాది." చెబుతుంటే మొహం వెలిగింది. అంతలోనే అనుమానం. "కానీ సార్... ఆదోని అని చెప్పొచ్చా? వాళ్లకు ఆదోని యాడ తెలుస్తాది?"

మాస్టారు నవ్వారు. "తెలియకపోవడమే నీకు లాభం."

ఆయన చెప్పిన లెక్క ఇది. సింధు ఎవరో ఎదుటివాళ్లకు తెలుసు. నువ్వు కొత్తగా చెప్పేదేముంది? ఆదోని తెలియదు. అంటే చెప్పాలి. ఎక్కడుంది? కర్నూలు జిల్లా పడమటి కొసన, కర్ణాటక సరిహద్దు దగ్గర. ఎలా ఉంటుంది? కొండ మీద కోట, కింద పత్తి మార్కెట్. ఏ భాష మాట్లాడతారు? తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపిస్తాయి. ఇలా ఒక మాట ఇంకో మాటను పిలుచుకొస్తుంది. రెండు నిమిషాలు నింపడమెలా అన్న బాధే ఉండదు. ఎక్కడ ఆపాలన్నదే బాధ!

నిజానికి అంజలి శర్వాణి కథలో చెప్పుకోవడానికి చాలానే ఉంది. 1997లో ఆదోనిలో పుట్టింది. ఎడమచేతి మీడియం పేస్ బౌలర్. ఆంధ్ర జట్టుకు, తర్వాత రైల్వేస్‌కు ఆడింది. 2022 డిసెంబరు 9న నవీ ముంబయిలోని డీవై పాటిల్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద టీ20లో భారత జట్టులోకి అడుగుపెట్టింది. ఆ మ్యాచ్ మనం గెలవలేదు. మనవాళ్లు 172 పరుగులు చేస్తే, ఆస్ట్రేలియా ఒక్క వికెట్ మాత్రమే కోల్పోయి కొట్టేసింది. రెండు నెలలకు, 2023 ఫిబ్రవరిలో జరిగిన తొలి మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో యూపీ వారియర్జ్ ఆమెను 55 లక్షల రూపాయలకు తీసుకుంది. అదే నెల దక్షిణాఫ్రికాలో జరిగిన టీ20 ప్రపంచకప్ జట్టులోనూ ఆమె పేరుంది.

"తొలి మ్యాచ్ ఓడిపోయినారు కదా సార్, అది చెప్పకుంటే మేలేమో?" అంది అమ్మాయి.

చెప్పాలి. తప్పకుండా చెప్పాలి. కార్డు మీద చివరి ప్రశ్న "ఎందుకు అభిమానిస్తారు?" అనే కదా! పతకాలు లెక్కపెడితే అది జవాబు కాదు. పత్తి బేళ్ల ఊరి నుంచి బయల్దేరిన అమ్మాయి ప్రపంచంలోనే బలమైన జట్టు ముందు కొత్త బంతి పట్టుకుని నిలబడటం, ఆ రోజు గెలవకపోయినా మర్నాటి సాధనకు మళ్లీ వెళ్లడం... ఎందుకు నచ్చిందో అక్కడే ఉంది. ఆ మాట చెప్పడానికి పెద్ద ఇంగ్లిష్ అక్కర్లేదు. చిన్న వాక్యాలు చాలు.

అసలు ఈ పరీక్షలో ఎవరి గురించి చెప్పారన్నదానికి మార్కులే లేవు. ఎలా చెప్పారన్నదానికే. చూసేవి నాలుగు: తడబడకుండా, ఒక వరుసలో సాగిందా? తగిన మాటలు పడ్డాయా? వ్యాకరణం ఎలా ఉంది? ఉచ్చారణ అర్థమయ్యేలా ఉందా? నాలుగింటికీ సమాన విలువ. ఒలింపిక్ విజేత గురించి చెప్పినా, ఊరి కబడ్డీ జట్టు కెప్టెన్ గురించి చెప్పినా తూకం ఒక్కటే.

ఆ తూకానికి తగ్గట్టే సాధన. ఒక్క నిమిషంలో వాక్యాలు రాయబోతే రెండు కూడా పూర్తికావు. కాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటే చాలు: ఆదోని, ఎడమచేయి, ఓటమి, ఎందుకు. ఒక్కో మాట దగ్గర ఆగి నాలుగు వాక్యాలు చెబితే సమయం అయిపోతుంది. జరిగిపోయిన మ్యాచ్‌ని భూతకాలంలో, ఇప్పటి అభిమానాన్ని వర్తమానంలో చెప్పాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బ్యాట్‌ను బ్యాటు అనీ, బాల్‌ను బాలు అనీ సాగదీస్తాం. దాన్ని తగ్గించుకుంటే చాలు, దొరల యాస తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. పత్రికలు అరంగేట్రం అని రాసేదానికి ఇంగ్లిష్‌లో 'డేబ్యూ' అంటారు. స్పెల్లింగ్ చివర 'టి' ఉన్నా నోట పలకదు. రెండు నిమిషాలు కాగానే పరీక్షకులు మధ్యలోనే ఆపేస్తారు. అది కోపం కాదు, గడియారం. మార్కులు పోవు.

ఇంకో చిన్న చిట్కా. ముందు ఇంట్లోవాళ్లకు తెలుగులో చెప్పి చూడాలి. తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడలేని మనిషి గురించి ఇంగ్లిష్‌లో రెండు నిమిషాలు మాట్లాడటం ఎవరివల్లా కాదు.

ఇదంతా ఆదోని, ఎమ్మిగనూరులకే పరిమితమైన సంగతి కాదు. శ్రీకాకుళం పిల్లలకు కరణం మల్లీశ్వరి ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. వరంగల్ పిల్లలకు కల్లెడ ఊరి జీవంజి దీప్తి ఉంది. మేధోపరమైన ఇబ్బందితో పుట్టిన ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. కడప పిల్లలకు శ్రీచరణి ఉంది. అంజలి తొలి మ్యాచ్ ఆడిన డీవై పాటిల్ స్టేడియంలోనే 2025 నవంబరు 2న వన్డే ప్రపంచకప్ అందుకున్న జట్టులో ఆమె ఉంది. ఎవరి జిల్లాలో వాళ్లకు చెప్పుకోవడానికి ఒకరు ఉన్నారు. చెప్పుకోవచ్చన్న ధైర్యమే లేదు.

ఎందుకు లేదు? ఇంగ్లిష్ అనగానే మన ఊరు, మన ఇల్లు, మన మనుషులు అందులో పట్టరనుకుంటాం. ఆ భాషలో మాట్లాడాలంటే ముందు వేరే మనిషిగా మారాలనుకుంటాం. పడమటి కర్నూలు పిల్లలకైతే ఆ బెరుకు ఇంకాస్త ఎక్కువ. పనులు లేని రోజుల్లో మూటాముల్లె సర్దుకుని మిరప కోతలకు సుగ్గి వెళ్లే కుటుంబాలు ఉన్న సీమ ఇది. అమ్మానాన్నలతో పాటు బడి వదిలి వెళ్లే పిల్లలూ ఉంటారు. వాళ్ల మధ్య నుంచి నర్సింగ్ దాకా వచ్చిన పిల్ల ఒక అద్దె పాఠం వెనక దాక్కోవడం ఎంత అన్యాయం! నిజానికి భాషలంటే భయపడాల్సిన నేల కూడా కాదిది. ఆదోని బజారులో ఒక కొట్టు ముందు తెలుగు, పక్క కొట్టు ముందు కన్నడం, ఎదురు కొట్టులో ఉర్దూ మాట్లాడి బేరం తెంచుకొచ్చే ఆడవాళ్లు ఎంతమంది లేరు! తప్పులు పోతాయని వాళ్లు ఏనాడైనా ఆగారా?

ఆ సాయంత్రం అమ్మాయి ఎమ్మిగనూరు చేరేసరికి తండ్రి ఇంకా మగ్గం మీదే ఉన్నాడు. 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం మొదలైన ఊరది. మగ్గం చప్పుడు అక్కడ గడియారం చప్పుడంత మామూలు. కూతురు గడప దగ్గర కూర్చుని అంజలి కథ ఎత్తుకుంది. తెలుగులోనే. చేతులు తిప్పుతూ, బౌలింగ్ ఎలా వేస్తుందో చూపిస్తూ, ఓడిన మ్యాచ్ దగ్గర గొంతు తగ్గించి, ప్రపంచకప్ జట్టు దగ్గర పెంచి. ఎంతసేపు చెప్పిందో తనకే తెలియదు. చేతిలో కాగితం లేదు.

"ఇదే ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు తండ్రి.

మొదలుపెట్టింది. నాలుగో వాక్యం దగ్గర ఒక మాట గుర్తురాలేదు. అలవాటు ప్రకారం ఆగిపోయి, మళ్లీ మొదటికి వెళ్లబోయింది.

"పోగు తెగితే బట్టంతా ఇప్పి మళ్లా నేస్తామా?" అన్నాడు తండ్రి. "ఆడికాడికి అతికించుకుని ముందుకు పోతాం. నువ్వూ పో."

ఆయనకు తెలియకుండానే పరీక్ష రహస్యం చెప్పాడు. 7 బ్యాండ్ వివరణలోనే ఉంది: అప్పుడప్పుడు మాట కోసం తడుముకోవడం, అన్నదాన్ని సరిదిద్దుకోవడం ఉండొచ్చు, మాట మాత్రం సాగాలి.

అమ్మాయి ఆ మాటను వదిలేసి ఇంకో మాట వెతుక్కుంది. ముందుకు వెళ్లింది. తండ్రికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, మధ్యలో రెండుసార్లు వినిపించిన 'ఆదోని' తప్ప. అది వినబడినప్పుడల్లా తలాడించాడు.