పరదేశమున గృహనిర్మాణ సేవ

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని మన పెద్దలు చెప్పుదురు. తన యింటి కొఱకే యింత ప్రయాస యుండగా, ముక్కుమొగము తెలియని పరదేశపు బీదకుటుంబమునకు ఇల్లు కట్టుటకై, సొంత వ్యయముతో సముద్రములు దాటి పోవు స్త్రీపురుషులు కలరనిన మన సోదరీమణులకు వింతగా తోచవచ్చును. ఇట్టి సేవకు మిక్కిలి పేరొందిన సంస్థ హాబిటాట్ ఫర్ హ్యూమానిటీ. దాని పుట్టుకకు ఒక యిల్లాలి మనోవ్యథ కారణమైనది గావున, ఆ వృత్తాంతము నీ నెల విన్నవించుచున్నాము.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున మిల్లర్డ్ ఫుల్లర్ అను న్యాయవాది వ్యాపారముచేసి, ముప్పది యేండ్లు నిండకమునుపే పది లక్షల డాలర్లకు అధిపతి యయ్యెను. సకల సౌఖ్యములు నమరెను గాని, భార్య లిండాతో నాలుగు మాటలాడుటకు అతనికి తీరిక లేకపోయెను. 1965లో ఆమె ఇల్లు విడిచి వెడలిపోయెను. భర్త వెంటబోయి బ్రతిమాలెను. ఇరువురును కలిసి, ఉన్న ఆస్తిని విక్రయించి దానముచేసి, క్రొత్త జీవిత మారంభింప నిశ్చయించుకొనిరి.

వారు చేరిన చోటు జార్జియా రాష్ట్రములోని కొయినోనియా వ్యవసాయక్షేత్రము. క్లారెన్స్ జోర్డన్ దానిని 1942లో స్థాపించెను. తెల్లవారును నల్లవారును ఒక్క బంతిని భుజించుట నేరముగా నెంచు ఆ దినములలో, అచట వారు కలిసి పనిచేయుచుండిరి. లాభము గొనక, వడ్డీ లేక బీదలకు ఇండ్లు కట్టియిచ్చు ఆలోచన అచటనే రూపొందెను. 1973లో ఫుల్లర్ దంపతులు ఆఫ్రికాకు బోయి, కాంగోనదీ తీరమందలి మ్బండకా పట్టణమున మూడేండ్లుండి, అచటి బీదలకు ఇండ్లు కట్టించిరి. 1976లో స్వదేశమునకు వచ్చి ఈ సంస్థను నెలకొల్పిరి.

ఈ పద్ధతిలో ఇల్లు ధర్మముగా నిచ్చునది కాదు. కుటుంబమువారు తామును ఇటుకలు మోసి, మట్టి త్రవ్వి పాటుపడవలెను. తరువాత వాయిదాలలో వడ్డీలేని అప్పు తీర్చవలెను. ఆ సొమ్ము మఱియొక కుటుంబపు పునాదికి పోవును. అందుచే ఆ యింటి యిల్లాలు ఎవరియెదుటను తలవంచుకొన నక్కఱలేదు.

మన దేశమున ఈ సేవ 1983లో మన తెలుగువారి ఖమ్మములోనే ప్రారంభమైనది. 2006లో మహారాష్ట్రములోని లోణావాలా చెంత, అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు, 82 ఏండ్ల వయస్సున, భార్య రోజలీనుతో కూడ వచ్చి, పెక్కు దేశముల సేవకుల నడుమ తాను సైతము పనిచేసెను. అప్పుడు తలపెట్టినవి నూఱు ఇండ్లు.

ఆ విమానపు ఖర్చుతో ఊరి మేస్త్రీకి కొన్ని నెలల కూలి గిట్టును గదా యని కొందఱందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. తాపీ పట్టి యెఱుగని వారు వంకరగా పేర్చిన గోడను మేస్త్రీ విప్పి మరల కట్టవలసివచ్చును. కావున పోవువారు తమ ప్రయాణపు ఖర్చేగాక ఇంటికి కావలసిన చందాయు కొనిపోవలెను. స్థానికుల కూలి చెడగొట్టరాదు. మేస్త్రీ మాట జవదాటరాదు. ఇట్లు మెలగినచో, రెండు వారముల శ్రమలో కట్టిన గోడ కొంచెమే యైనను, బీదఱికమును కంటితో చూచి వచ్చిన మనిషి తన దేశమున ఊరకుండ జాలడు. ఇదియే అధిక ఫలమని మా తలంపు.

సోదరీమణులారా! మనమందఱమును విదేశములకు పోజాలము. కాని మన యింట పనిచేయు మనిషి గుడిసెకు వానకాలము రాకమునుపు కప్పు వేయించుట మనకు సాధ్యము. సొమ్మిచ్చి ఊరకుండక, ఒకపూట పోయి చేయి కలుపుదము. పొయ్యి యే మూల నుండవలెనో, పొగ యెటు పోవలెనో, నీళ్లబిందె యెచట నిలుపవలెనో ఆ యిల్లాలినే ముందుగా అడుగుదము. ఆమె చెప్పినట్లు కట్టిన నాడే అది ఆమె యిల్లగును.