మైదానం వుంది, మెట్లే లేవు

అనంతపురం: 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు జిల్లా నలుమూలల నుంచి జనం బస్సులెక్కి వచ్చారు. టీవీలో చూసే ఆటగాళ్ళను కళ్ళారా చూశామని ఇప్పటికీ రచ్చకట్టల మీద చెప్పుకుంటున్నారు. అదే ఆవరణలో ఏళ్ళ తరబడి పల్లె పిల్లలు ఫుట్‌బాల్ కూడా నేర్చుకుంటున్నారు. ఆ ఆట చూడటానికి మాత్రం ఎవరూ బస్సెక్కి రారు. పిల్లవాడు బాగా ఆడుతున్నాడని గురువులు చెబితే తల్లిదండ్రులు అడిగేది ఒకటే ప్రశ్న: "ఆడితే ఏమొస్తుంది?"

ప్రశ్న తప్పు కాదు. వేరుశనగ మీద బతికే ఇంట్లో పదిహేడేళ్ళ కొడుకు బంతి వెంట పరుగెడితే ఆ పూట కూలి పోతుంది. జీతమిచ్చే క్లబ్బు ఒకటి ఈ జిల్లాలో పుట్టి, మెట్టు మెట్టుగా దేశంలోని పెద్ద పోటీల దాకా ఎక్కగలదా? ఎక్కితే నిలబడుతుందా? జవాబు కోసం గాలిలో లెక్కలు వేయనక్కరలేదు. పక్కనే హైదరాబాదులో గత కొద్ది ఏళ్ళలో రెండు క్లబ్బుల కథ నడిచింది. రెండూ మనం చూసి తెలుసుకోవలసినవే.

మొదటిది శ్రీనిధి. శ్రీనిధి విద్యాసంస్థల వారు 2015లో దీన్ని మొదలుపెట్టారు. ముందు కుర్రాళ్ళకు శిక్షణ, చిన్న వయసు జట్లు, ఆ తరువాతే పెద్ద జట్టు. 2020లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బులకు దరఖాస్తులు పిలిచినప్పుడు విశాఖపట్నం పేరుతో శ్రీనిధి దరఖాస్తు పెట్టింది. ఆమోదం వచ్చింది. తీరా ఆట మొదలయ్యే నాటికి, అంటే 2021లో, మకాం హైదరాబాదుకు మారింది. పేరు శ్రీనిధి డెక్కన్ అయింది. శివార్లలోని అజీజ్‌నగర్‌లో సొంత మైదానం వేసుకున్నారు. ఆంధ్రకు వచ్చిందనుకున్న క్లబ్బు అలా ఆంధ్రలో ఒక్క బంతి తన్నకుండానే వెళ్ళిపోయింది.

ఆట మాత్రం బాగా ఆడారు. 2021-22లో కరోనా కారణంగా పోటీలన్నీ బెంగాల్‌లోనే జరిగాయి. వచ్చిన మొదటి ఏడే శ్రీనిధి మూడవ స్థానంలో నిలిచింది. 2022-23లో రెండవ స్థానం. 2023-24లో మళ్ళీ రెండవ స్థానం. 2023 ఏప్రిల్‌లో కోళిక్కోడులో జరిగిన సూపర్ కప్ పోటీలో, పై లీగులో ఆడే కేరళ బ్లాస్టర్స్‌ను వాళ్ళ సొంత రాష్ట్రంలోనే 2-0తో ఓడించింది. కొలంబియా నుంచి వచ్చిన డేవిడ్ కాస్తనేడా గోల్స్ కొడుతుంటే, ఇక పైకి పోవడమే తరువాయి అని అభిమానులు అనుకున్నారు.

పోలేకపోయింది. కారణం తెలియాలంటే నిచ్చెన ఎలా కట్టారో తెలియాలి. దేశంలో పై మెట్టు ఇండియన్ సూపర్ లీగు. దాని కింద ఐ-లీగ్, దాని కింద ఐ-లీగ్ 2. 2023-24 నుంచి ఐ-లీగ్ 3 అనే నాలుగవ మెట్టు వచ్చింది. దాని కింద రాష్ట్రాల సొంత లీగులు. ఐ-లీగ్‌లో మొదటి స్థానం వచ్చిన ఒక్క జట్టు, ప్రవేశ రుసుము కట్టకుండా పై లీగులోకి పోయే పద్ధతి 2022-23 నుంచి అమలైంది. ఆ ఏడు పంజాబ్ జట్టు పోయింది. మరుసటి ఏడు, 2024 ఏప్రిల్ 6న షిల్లాంగులో గెలిచి, 1891లో పుట్టిన కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ పోయింది. రెండుసార్లూ శ్రీనిధి వాళ్ళ వెనుకనే నిలబడి చూసింది. రెండవ స్థానానికి దక్కింది చప్పట్లే.

ఇప్పుడు రెండవ కథ. పుణెలో మూతబడిన క్లబ్బు స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. ఇది నిచ్చెన ఎక్కలేదు, నేరుగా మేడ మీదే దిగింది. స్పెయిను దేశస్థుడు మానోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాక జట్టు దశ తిరిగింది. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. ఆట 1-1తో సమం. పెనాల్టీలలో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. కేరళ మీద గెలిచి హైదరాబాద్ దేశ విజేత అయింది. మరుసటి ఏడు లీగులో రెండవ స్థానం.

అక్కడి నుంచి కథ మన బోరుబావుల కథే. వేసిన ఏడు ఎగిసిపడిన నీరు మూడవ ఏటికి బురద కక్కినట్లయింది. ఆటగాళ్ళకు, సిబ్బందికి జీతాలు బకాయి పడ్డాయి. కొత్త ఆటగాళ్ళను తీసుకోరాదని ఆంక్షలు పడ్డాయి. 2023-24 పోటీల మధ్యలోనే విదేశీయులు, సీనియర్లు వెళ్ళిపోయారు. కుర్రాళ్ళను పెట్టుకుని కోచ్ తాంగ్‌బోయ్ సింగ్తో ఎలాగో నెట్టుకొచ్చాడు. మొత్తం 22 ఆటల్లో గెలిచింది ఒకటే. పన్నెండు జట్లలో ఆఖరి స్థానం. 2024లో యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. దేశ విజేత అయిన మూడున్నరేళ్ళకు హైదరాబాదులో ఆ క్లబ్బు లేదు.

ఒక విచిత్రం గమనించాలి. 2024 వేసవి నాటికి ఒకే నగరంలో రెండు జట్లు. ఒకటి పై లీగులో అందరికంటే కింద వుంది. రెండవది కింది లీగులో ఒక్కరు తప్ప అందరికంటే పైన వుంది. కిందికి దింపే నిబంధన అప్పటికి పై లీగులో అమలులో లేదు కనుక ఒకటి దిగలేదు, రెండవ స్థానం చాలదు కనుక మరొకటి ఎక్కలేదు. పంట ఎండినవాడికి, పండించినవాడికి ఒకే గింజ కొలిచినట్లున్న ఈ న్యాయం ఎవరికి మేలు చేసిందో ఈ వ్యాసకర్తకు బోధపడలేదు.

మన జిల్లాకు దీనితో సంబంధం ఏమిటని అడగవచ్చు. రెండు క్లబ్బులకూ డబ్బు వుంది, పట్నం వుంది, విదేశీ కోచ్‌లున్నారు. ఒక్కటి కొరవడింది. జట్టు పట్టిక తీసి చూస్తే మణిపూర్, మిజోరం, కేరళ, గోవా పేర్లే ఎక్కువ. తెలుగు పల్లె పేరు వెతుక్కోవాలి. కింద పొలం లేకుండా పైన గాదె కట్టారు. మన దగ్గర పరిస్థితి సరిగ్గా తిరగబడి వుంది.

ఫాదర్ ఫెర్రర్ అనంతపురానికి వచ్చింది 1969లో. చెక్‌డ్యాములు, ఇళ్ళు, బడులు, ఆసుపత్రుల తరువాత, 2000లో అనంతపురం శివార్లలో క్రీడా గ్రామం వెలిసింది. ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన జిల్లాలో పచ్చిక మైదానాలా అని నవ్వినవాళ్ళున్నారు. అక్కడ క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ వచ్చాయి. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ స్వయంగా వచ్చి టెన్నిస్ పాఠశాల తెరిచాడు. స్పెయిను ఫుట్‌బాల్ లీగు లా లిగా వారు కూడా ఇక్కడి పిల్లల శిక్షణకు చేయూతనిచ్చారు. మైదానం వుంది. పిల్లలున్నారు. నేర్పేవాళ్ళున్నారు. పదో తరగతి, ఇంటర్ అయ్యాక వాళ్ళు ఎక్కవలసిన మెట్టు లేదు. కొందరికి రైల్వే, పోలీసు శాఖల క్రీడా కోటా మీద ఆశ. మిగిలినవాళ్ళకు బెంగుళూరు బస్సు.

మెట్లు కట్టుకున్నవాళ్ళ సంగతి కూడా చూడాలి. మిజోరం మనకంటే ధనిక రాష్ట్రమేమీ కాదు. మన జిల్లా జనాభాలో సగం కూడా లేని రాష్ట్రం. 2012లో వాళ్ళు సొంత లీగు పెట్టుకున్నారు. అక్కడి కేబుల్ టీవీ సంస్థ ఆటలను ఇంటింటికీ చూపించింది. పక్క వీధి కుర్రవాడు టీవీలో కనిపిస్తుంటే జనం చూడకుండా వుంటారా? అయిదేళ్ళు తిరిగేసరికి, 2017 ఏప్రిల్ 30న, ఐజాల్ క్లబ్బు ఐ-లీగ్ గెలిచింది. కలకత్తా, గోవా, బెంగుళూరు క్లబ్బులన్నీ ఆ ఏడు దాని వెనుకనే. ఐజాల్ తాను డబ్బు పెట్టి కొన్న తారలతో గెలవలేదు. ఏడాది పొడవునా ఇంటి దగ్గర ఆడి ఆరితేరిన కుర్రాళ్ళు దాని బలం.

మన వైపు ఒకప్పుడు ఈ ఆటకు కొదవ లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దాని గురువు సయ్యద్ అబ్దుల్ రహీం చేతి కింద భారత జట్టు 1956 ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. సంతోష్ ట్రోఫీ 1956-57, 1957-58లో హైదరాబాదు పేరుతో, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచాం. ఆ తరువాత మళ్ళీ రాలేదు. ఆ వైభవమంతా నగరం చుట్టూనే తిరిగింది, 2014 విభజనతో ఆ నగరమూ పక్క రాష్ట్రానికి పోయింది. మిజోరం లీగుకున్న పేరు, నిలకడ ఆంధ్రప్రదేశ్‌లో ఏ ఫుట్‌బాల్ పోటీకీ ఇంకా రాలేదు. ఐ-లీగ్ 3లోకి క్లబ్బుల పేర్లు వెళ్ళేది రాష్ట్ర లీగుల నుంచే కనుక, అడుగు మెట్టు సరిగా లేకపోతే పై నాలుగు మెట్లూ మనకు లేనట్లే.

ఇక డబ్బు. క్లబ్బంటే పదకొండు మంది, ఒక బంతి కాదు. సమాఖ్య లైసెన్సు ఇవ్వాలంటే మైదానం, చిన్న వయసు జట్లు, అర్హత వున్న కోచ్, తనిఖీ చేసిన జమాఖర్చులు, బకాయిలు లేని జీతాల పుస్తకం చూపాలి. మణిపూరుకో కాశ్మీరుకో ఆడటానికి పోతే రైలు, విమానం ఖర్చులుంటాయి. ఒక్క దాత మీద ఆధారపడితే హైదరాబాద్ ఎఫ్.సి. గతి పట్టవచ్చు. ట్రస్టు మీదే భారం వేద్దామంటే, 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ చిక్కులో పడి జిల్లా జనం రోడ్డెక్కిన సంగతి అందరికీ గుర్తుంది. ఆసుపత్రులు ఏమవుతాయోనని భయపడిన రోజుల్లో ఫుట్‌బాల్ జట్టు ఊసెత్తేవారెవరు?

స్పెయినులోనే ఇందుకు ఒక దారి కనిపిస్తుంది. ఐబార్ అనే ఊరి జనాభా 27 వేలు. మన కల్యాణదుర్గం కంటే చిన్నది. దాని క్లబ్బు 2013లో మూడవ మెట్టు నుంచి రెండవదానికి, 2014లో పై లీగుకు ఎక్కింది. అప్పు ఒక్క యూరో లేదు. అయినా మూలధనం చాలదని, ఆగస్టులోగా సుమారు 17 లక్షల యూరోలు, అంటే అప్పటి లెక్కన పదమూడు కోట్ల రూపాయల పైచిలుకు చూపకపోతే కిందికి దింపుతామని చట్టం చెప్పింది. ఏ కోటీశ్వరుడి కాళ్ళూ పట్టుకోలేదు వాళ్ళు. చిన్న చిన్న వాటాలు చేసి జనానికి అమ్మారు. ఒక్కరు లక్ష యూరోలకు మించి కొనరాదని షరతు పెట్టారు. ఊరు కొన్నది, దేశం కొన్నది, విదేశాల వాళ్ళు కొన్నారు. గడువులోగా సొమ్ము పోగయింది. ఏడేళ్ళు పై లీగులో ఆడి 2021లో దిగింది. దిగింది కానీ మూతబడలేదు, ఊరు మారలేదు.

పాడి సంఘాలు, పొదుపు సంఘాలు నడిపిన జిల్లాకు వాటా సొమ్ము కొత్త విద్య కాదు. అయితే కరువు ఏడు వాటా కట్టమంటే రైతు ఏమంటాడో తెలియనిదీ కాదు. అందుకని పురుషుల జట్టుతో అయిదు మెట్ల నిచ్చెన ఎక్కేకంటే ముందు ఆలోచించవలసిన దగ్గర దారి ఒకటుంది. బాలికల జట్టు.

మహిళల జాతీయ పోటీలో మెట్లు రెండే. ఇండియన్ విమెన్స్ లీగు, 2023-24 నుంచి దాని కింద రెండవ డివిజన్. ఖర్చు పురుషుల క్లబ్బు ఖర్చులో చిన్న భాగం. పోటీ పడే క్లబ్బులూ తక్కువే. నిజామాబాదు జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య ఈ దారినే దేశ జట్టుకు ఎదిగి, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. మన కదిరి, కల్యాణదుర్గం వైపు తండాల్లో అలాంటి కాళ్ళు లేవని ఎవరనగలరు? పదో తరగతి కాగానే పెళ్ళి మాట ఎత్తే ఇళ్ళలో, నెల జీతం చేతికొస్తే ఆ మాట రెండేళ్ళు వెనక్కు పోతుంది. ఆ రెండేళ్ళే ఆటగత్తెకు కావలసింది.

రెండవ డివిజన్‌కు క్లబ్బు పేరు పోవాలంటే రాష్ట్ర సంఘం పంపాలి. సంఘం పంపాలంటే క్లబ్బు రిజిస్టరయి వుండాలి, రాష్ట్ర స్థాయిలో ఆడి చూపాలి. 2022లో జిల్లా రెండైనా పిల్లలు ఆడే మైదానం ఒకటే కనుక అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల వారు కలిసి ఒకే క్లబ్బు పెట్టుకోవచ్చు. దానికి ముందు కాగితం మీద సంతకం పెట్టే ఏడుగురు పెద్దమనుషులు కావాలి.