పద్ధతి తూర్పు దేశాలది, కూరగాయ మనది – మరి ఉప్పు సంగతి?

మా పేటలో ఏడాది క్రితం వెలసిన ఒక చిన్న భోజనశాల గురించి ఈ మధ్య పలువురు నన్ను అడుగుతున్నారు. అక్కడ బీరకాయ, చిక్కుడు, మునగాకు వంటి మన కాయగూరలనే చైనా, జపాన్, థాయ్‌లాండ్ పద్ధతులలో వండి వడ్డిస్తారు. "ఇది ఆరోగ్యానికి మంచిదేనా, డాక్టరు గారూ?" అన్నది ప్రశ్న. మంచిదే అని నా అభిప్రాయం. అయితే దానికొక షరతు ఉన్నది. ఆ షరతు ఉప్పునకు సంబంధించినది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మన ఊళ్ళలో చైనా తిండి అనగానే గుర్తుకు వచ్చేది బండి మీది మైదా నూడుల్స్, మంచూరియా. మంచూరియా చైనాలో పుట్టిన వంటకం కాదు. 1975లో ముంబయిలో నెల్సన్ వాంగ్ అనే వంటవాడు దానిని మొదట కోడిమాంసంతో చేసినట్లు ప్రసిద్ధి. తరువాత కోడి స్థానంలో గోబీ వచ్చింది. మైదా, కార్న్‌ఫ్లోర్ పూత, మరిగే నూనె, ఎర్ర రంగు దానికి తోడయ్యాయి. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధం విధించవలసి వచ్చింది. ఇన్నేళ్ళుగా మనం అరువు తెచ్చుకున్నది తూర్పు దేశాల సాస్ సీసాలను మాత్రమే. వారి వంట పద్ధతిని మనం పెద్దగా పట్టించుకోలేదు.

ఆ పద్ధతిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆవిరి మీద ఉడికించడం. రెండవది లోతైన ఇనుప మూకుడులో, కొద్ది నూనెతో, పెద్ద మంట మీద రెండు మూడు నిమిషాలలో వేయించి దించడం. సి విటమిన్, ఫోలేట్ నీటిలో కరిగిపోతాయి. ఎక్కువసేపు వేడి తగిలితే నశిస్తాయి. కాయగూరలను ఉడికించి ఆ నీటిని పారబోస్తే వాటిలో చాలా భాగం పోయినట్లే. ఆవిరిలోను, త్వరగా ముగిసే వేపుడులోను ఆ నష్టం తక్కువ. ఆకుకూరలలోని కెరోటిన్ ఒంటబట్టడానికి కొంచెం కొవ్వు అవసరం. మూకుడులోని చెంచాడు నూనె అందుకు సరిపోతుంది.

ఆవిరి మనకు కొత్త కాదు. ఇడ్లీ, కుడుము, ఆవిరి కుడుము మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. అయితే పిండికి ఇచ్చిన ఆ మర్యాదను మనం కాయగూరలకు ఇవ్వలేదు. చిక్కుడును మెత్తగా ఉడికించి నీరు వారుస్తాము. బెండకాయను నల్లబడే వరకు వేపుతాము. ఇక్కడ పొరుగువారి నుండి నేర్చుకోవలసినది ఉన్నదని ఒప్పుకొనడంలో చిన్నతనమేమీ లేదు. "మన వంట ఉండగా ఈ అరువు వంట ఎందుకు?" అనే పెద్దలకు ఒక మనవి: మన మిరపకాయ కూడా సముద్రాలు దాటి పోర్చుగీసువారి వెంట వచ్చినదే.

ఆ భోజనశాలలో నాకు నచ్చిన విషయం ఋతువును అనుసరించి వంటకాలు మారడం. భాద్రపదంలో అల్లం, వెల్లుల్లితో బీరకాయ. పుష్యమాసంలో చిక్కుడు, ముల్లంగి. వేసవిలో వేరుశనగ పలుకులు, నిమ్మరసం కలిపిన పచ్చిమామిడి కోరు. కోసి ఎన్నో రోజులై, శీతల గిడ్డంగి దాటి వచ్చిన బ్రోకలీ కంటె ఉదయం కోసిన మునగాకు తాజాది, చవకైనది. కాల్షియం, కెరోటిన్ అందులో పుష్కలం. పైగా కంచంలో కూర భాగమే పెద్దది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 400 గ్రాముల కాయగూరలు, ఆకుకూరలు తినాలని చెబుతున్నాయి. కొండంత అన్నానికి చెంచాడు కూర నంజుకొనే మనకు ఇది పెద్ద మార్పే.

ఇక షరతు విషయం. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంటే సుమారు ఒక చిన్న చెంచా. ఒక పెద్ద చెంచాడు సోయా సాస్‌లోనే రమారమి రెండు గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే ఒక్క వంటకంతోనే రోజు మొత్తపు పరిమితిలో సగానికి దగ్గరగా వస్తాము. చేపల సాస్, ఆయిస్టర్ సాస్ కూడా అటువంటివే. ఆవకాయ ఉప్పన అని నాలుకకు తెలుస్తుంది. సాస్‌లో తీపి, పులుపు కలిసి ఉప్పును కప్పివేస్తాయి. ఊరగాయ పూర్తిగా మానేశామని చెప్పే రక్తపోటు రోగులను నా వృత్తిలో ఎందరినో చూశాను. పీడనం ఎందుకు తగ్గడం లేదో వారికి అర్థమయ్యేది కాదు. బయటి తిండి గురించి అడిగితే కారణం బయటపడేది.

ఇందుకు జపాన్ అనుభవమే సాక్ష్యం. ఆ దేశపు ఉత్తర భాగంలోని అకితా ప్రాంతంలో 1950ల నాటికి ప్రజలు రోజుకు 20 గ్రాములకు పైగా ఉప్పు తినేవారు. సోయా సాస్, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద, ఉప్పులో ఊరవేసిన కూరలు వారి నిత్యాహారం. పక్షవాత మరణాలు అక్కడ మిక్కుటంగా ఉండేవి. తరువాతి దశాబ్దాలలో ఊరూరా రక్తపోటు పరీక్షలు జరిపి, ఉప్పు తగ్గించుకొనేలా ప్రజలకు నచ్చజెప్పి, ఆ మరణాలను ఎంతగానో తగ్గించగలిగారు. వారు తమ వంటను విడిచిపెట్టలేదు. అందులోని ఉప్పును తగ్గించుకున్నారు.

అజినోమోటో గురించి కూడా ఒక మాట. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునాయె ఇకెడా సముద్రపు నాచు నుండి ఈ రుచిని వేరు చేశాడు. మామూలు మోతాదులో అది విషమని చెప్పడానికి ఆధారం లేదు. ఉప్పులో సోడియం 39 శాతం కాగా, ఇందులో 12 శాతమే. దానిని చూసి భయపడేవారు పక్కనే ఉన్న సాస్ సీసాను నిర్భయంగా వంచుకొనడమే నాకు వింతగా తోస్తుంది.

కనుక పాఠకులకు నా సూచనలు ఇవి. ఇటువంటి భోజనశాలకు వెళితే సాస్ సగమే వేయమని, లేదా విడిగా ఇమ్మని అడగండి. సూప్ గిన్నెను అడుగంటా తాగకండి. నూడుల్స్ కంటె ఆవిరి కూరలకు, మూకుడు కూరలకు ప్రాధాన్యమివ్వండి. ఇంట్లో వండుకుంటే సోయా సాస్ వేసిన వంటకంలో వేరే ఉప్పు వేయకండి. నిమ్మరసం, అల్లం, కొత్తిమీర రుచి లోటును తీరుస్తాయి. సోడియం తక్కువైన ఉప్పు పేరుతో అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండా వాటిని వాడరాదు.

భోజనశాలల యజమానులకు కూడా ఒక విన్నపం. వంటకాల పట్టికలో కారం ఎక్కువ, తక్కువ అని ఎంచుకొనే వీలు కల్పిస్తున్నారు. ఉప్పు విషయంలో కూడా ఆ వీలు కల్పించండి. రక్తపోటు ఉన్నవారు కూడా తమ కుటుంబంతో కలిసి నిశ్చింతగా మీ కూరలు తినగలుగుతారు.