ఎవరి ఫోన్లో పరీక్ష?

లాక్‌డౌన్ ఏడాది మా పేట పిల్ల ఒకతె గోదావరి గట్టు మీద కూచుని డిగ్రీ ఇంటర్నల్ పరీక్ష రాసింది. ఇంట్లో సిగ్నల్ లేదు. ఫోను అన్నది. కూలికి పోవాల్సినవాడు ఆగిపోయి పక్కనే నిలబడ్డాడు. సగం ప్రశ్నలయ్యేసరికి నెట్ పోయింది. కాలేజీవాళ్ళు సున్నా వేశారు. "సిస్టమ్ తీసుకోలేదమ్మా" అన్నారు. ఆ సిస్టమ్‌ని ఎంచుకున్నది మనుషులే కదా అని మేం అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

ఆన్‌లైన్ పరీక్షకి మేం శత్రువులం కాం. ఇంటిపేరు చూసి, పేట చూసి మార్కులు వేసే చేతుల కింద నలిగి డిగ్రీ తెచ్చుకున్నవాళ్ళం. యంత్రానికి కులం తెలియదంటే మాకూ సంతోషమే. కానీ ఆ యంత్రానికి కెమెరా తగిలించి, పిల్లల ముఖాలు చూస్తూ కాపలా కాయమంటే? ముఖం చూసి ఆడో మగో చెప్పే పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్లని 2018లో అమెరికాలో జాయ్ బులామ్‌విని, టిమ్‌నిట్ గెబ్రు పరీక్షించారు. తెల్ల మగవాళ్ళ దగ్గర తప్పులు నూటికి ఒకటి లోపే. నల్ల ఆడవాళ్ళ దగ్గర ఒక కంపెనీది నూటికి 34 దాటింది. మన పిల్లల రంగేమిటో మనకి తెలుసు.

సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అని ఇంకోటుంది. ఊరికే దొరుకుతుంది, కానీ ఆండ్రాయిడ్ ఫోన్లో నడవదు. పేటల్లో ఉన్నవి ఆ ఫోన్లే. అది కావాలంటే కాలేజీ ల్యాబులో, కాలేజీ ఖర్చుతో పెట్టుకోవాలి. మూడిల్ 2002 నుంచీ ఉంది, లైసెన్సుకి డబ్బు కట్టక్కర్లేదు. ప్రశ్న తెలుగులోనూ టైపు చెయ్యొచ్చు. (ఇంగ్లీషు వద్దని కాదు, అదీ మన హక్కే. 2021లో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేసినవాళ్ళు ప్రశ్న రెండు భాషల్లో ఇస్తే వచ్చే నష్టమేంటి?) మాస్టారు అనుమతి పెడితే మూడిల్ యాప్‌లో ప్రశ్నలు ముందే దించుకుని, నెట్ లేకుండా రాసి, సిగ్నలొచ్చాక పంపొచ్చు. టైము బిగించిన పరీక్షకి ఇది కుదరదు. అందుకే పెద్ద మార్కులు దీనిమీద పెట్టకూడదు.

నెట్ ఎప్పుడూ ఉంటుందనుకోవడం పట్నం ఆలోచన. 2022 మే 24న, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని అమలాపురంలో దళిత మంత్రి ఇల్లు, బీసీ ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. తర్వాత రోజుల తరబడి నెట్ ఆపేశారు. కారున్నవాడు సిగ్నల్ కోసం జిల్లా దాటాడు. లంకలో పిల్ల ఏ పడవెక్కాలి?

నన్నయ విశ్వవిద్యాలయమైనా, దాని కింది కాలేజీలైనా ఇలాంటివి కొనేముందు లంక గ్రామంలో, అతి చవక ఫోన్లో నడిపి చూడాలి. చూసేటప్పుడు మన పిల్లలు పక్కనుండాలి. నెట్ పోతే సున్నా కాదు, కాగితం మీద మళ్ళీ పరీక్ష అని రాతపూర్వకంగా ఇవ్వాలి. సెమిస్టర్ మొదలవకముందే నలుగురు కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళండి. అర్జీ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.