పంచిన పుస్తకములు కాదు, పట్టుబడిన చదువే లెక్క



బడులు తెరచు వేళ తెలుగు సంఘములు పుస్తకములు పంచును. ఇన్ని వందలు పంచితిమని సంవత్సరాంత నివేదికలో అచ్చు వేయించును. సభలో చప్పట్లు మ్రోగును. అంతటితో భాషాసేవ ముగిసినట్లే! వర్తకులమైన మేము అడుగుచున్నాము: సరకు కొట్టు దాటినంత మాత్రమున లాభము వచ్చినదని ఏ గుమాస్తా చిట్టాలో వ్రాయును?

ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2005లో ఆరంభమైన ఒక పరీక్షను మనవారు గమనింపవలెను. 200 గ్రామీణ ప్రభుత్వ పాఠశాలలలో చీట్లు వేసి 100 బడులను ఎంచి, పిల్లవాని తలకు సుమారు 125 రూపాయల చొప్పున రెండేండ్లు ధనమిచ్చిరి. తక్కిన 100 బడులకు ఈయలేదు. మొదటి యేడు సాయము అనుకోకుండ వచ్చినది. పిల్లల మార్కులు పెరిగినవి. రెండవ యేడు అదే ధనము, అవే బడులు. అదనపు వృద్ధి మాత్రము కానరాలేదు.

కారణమేమి? కార్తీక్ మురళీధరన్ ప్రభృతులు 2013లో ప్రకటించిన వ్యాసము దానిని తేల్చినది. సాయము వచ్చునని ముందే తెలిసిన తలిదండ్రులు చదువునకు తాము పెట్టు ఖర్చును దాదాపు ఆ మేరకు తగ్గించుకొనిరి. ఇది వారి దోషము కాదు. బీద సంసారమున అది వివేకమే. మార్కులు మాత్రమే చూచియుండినచో పుస్తకములు వ్యర్థమని తీర్పు చెప్పెడివారు. ఇంటి ఖర్చు కూడ విచారించినందుననే అసలు సంగతి బయటపడినది.

కావున తలిదండ్రులు కొనగల వస్తువులకు గాక, కొనలేనిదానికి, అనగా తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు, సాయంకాలపు చదువు గంటకు, ధనము వెచ్చింపవలెనని మా వాదము. అదియు పరీక్షించియే నమ్మవలెను.

చీట్లు వేసి కొందరికిచ్చి కొందరికి మానుట అన్యాయమని కొందరు పెద్దలందురు. అందరికీ చాలని నిధిలో కొందరు ఎట్లును మిగిలిపోవుదురు. సిఫారసుతో మిగిలిపోవుటకన్న చీటీతో మిగిలిపోవుట న్యాయము కాదా?

మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని 1956లో చేరిన రాజ్యాంగపు 350-ఎ అధికరణము ప్రతి రాష్ట్రమునకు చెప్పుచున్నది. ఆ సౌకర్యము కోరి అధికారుల యెదుట నిలుచునప్పుడు మన చేతిలో పూలదండల ఫోటోలు కాదు, పిల్లల చదువు లెక్క ఉండవలెను.

సభ్యులారా! పంపకమునకు ముందు ఎందరు తెలుగు పేరా తప్పులేక చదివిరి, పిదప ఎందరు చదివిరి, సాయమందని పిల్లలు ఎందరు చదివిరి అను మూడు అంకెలు లేని నివేదికను ఇకమీదట ఏ సభలోను ఆమోదింపకుడు.